తూములోంచి పోవాల్సింది నీళ్ళొక్కటే

(తిరుపతిలో మా అపార్టుమెంటు మేడ మీద, దీపావళి తర్వాతి ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. మాట్లాడినవారు ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో పైపుల పని చేస్తున్న ప్లంబరు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినబడుతోందా? అక్కావాళ్ళు కొంచెం ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

దీపావళి మర్నాడు పొద్దున సెక్రటరీ సార్ ఫోన్ చేశారు. కింద పెద్దమ్మ వాళ్ళ వంటింట్లో సింకు పొంగుతోంది, తొందరగా రా అన్నారు. వచ్చి చూస్తే సింకు అంచుదాకా నీళ్ళు. నూనె తేలుతోంది, మినప్పొట్టు తేలుతోంది, కరివేపాకు తేలుతోంది. పెద్దమ్మ నన్ను ఒకటే అడిగింది. "నాయనా, నేను నిన్నట్నుంచి పొయ్యే వెలిగించలేదు. చెల్లెలి ఇంట్లో పండగ చేసుకుని ఇప్పుడే వచ్చినాను. ఇదంతా ఎక్కడిది?" అని.

ఎక్కడిది? పై నాలుగు అంతస్తుల వంటిళ్ళది. పండగ వంట మనం చేసుకున్నాం, ఆ నీళ్ళు ఆమె ఇంట్లో పొంగినాయి. ఆమె ఇంట్లోనే ఎందుకు? అన్ని సింకుల నీళ్ళూ ఒకే నిలువు పైపులో కిందికి దిగుతాయి. కిందికొచ్చాక ఆ పైపు అడ్డంగా తిరిగి బయట చాంబరులోకి, అంటే నేలలో మూతపెట్టి ఉన్న మురుగు తొట్టిలోకి పోతుంది. ఆ మలుపులో అడ్డుపడితే నీళ్ళు వెనక్కి, పైకి నిండుకుంటూ వస్తాయి. అట్లా వస్తున్న నీళ్ళకు మొట్టమొదట దొరికే నోరు కింది ఇంటి సింకు. నాలుగో అంతస్తులో ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు. వాళ్ళ సింకు బాగానే దిగుతుంటుంది. అందుకే మీ అందరినీ పిలవమని అడిగాను. ఒక ఇంటి వాళ్ళకు చెబితే సరిపోయే విషయం కాదిది.

ఇదిగో, దీన్ని చూడండి. ఆ మలుపు దగ్గర కోసి తీసిన ముక్క. కడిగే తెచ్చాను, వాసన రాదు, ఒకరి నుంచి ఒకరు చేతికి తీసుకోండి. పైపు 4 అంగుళాలు. లోపల దారి ఎంత మిగిలింది? బొటనవేలు పట్టేంత. చుట్టూ తెల్లగా, పసుప్పచ్చగా గట్టిగా ఉన్నదేమిటి? సార్ సిమెంటు అంటున్నారు. చాలామంది అట్లాగే అంటారు. గోటితో గీకి చూడండి సార్. గోటికి మెత్తగా వస్తోంది కదా? అది నూనె.

నూనె ఇంత గట్టిగా ఎట్లా అయింది? నెయ్యి, డాల్డా, మాంసం కూరలో కొవ్వు, ఇవి వేడిగా ఉన్నప్పుడు నీళ్ళలా పారుతాయి, చల్లబడితే గడ్డకడతాయి. ఇది ప్రతి వంటింట్లో తెలిసిందే. చెనిగ్గింజల నూనె గడ్డకట్టదు కదా అని మీరు అడగొచ్చు. గిన్నెలో గడ్డకట్టదు. పైపులో మాత్రం వేరే పని జరుగుతుంది. మన బోరు నీళ్ళలో సున్నం ఉంటుంది. బకెట్టుకు తెల్ల చారలు, గీజరు కాయిలుకు తెల్ల పెంకు కడుతుంది చూడండి, అదే. పైపులో నూనె నిలవుండి విడిపోతుంది, అందులోంచి వచ్చిన కొవ్వు ఆమ్లాలు ఈ సున్నంతో కలిసి ఒక రకం సబ్బు తయారవుతుంది. మామూలు సబ్బు నీళ్ళలో కరుగుతుంది. ఈ సబ్బు కరగదు. పొర మీద పొర పేరుకుంటుంది. దానికి మినప్పొట్టు అంటుకుంటుంది, టీ పొడి అంటుకుంటుంది, దాని మీద మళ్ళీ నూనె.

మన ఊళ్ళో ఒక్కచోటే అనుకోకండి. 2017లో లండన్‌లో వైట్‌చాపెల్ అనే పేట కింద మురుగు కాలవలో ఇట్లాంటి గడ్డ బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. నూనె, కొవ్వు, తడి గుడ్డలు, డైపర్లు అన్నీ కలిసి రాయి అయిపోయినాయి. తర్వాత దాని ముక్క ఒకటి మ్యూజియంలో పెట్టి జనానికి చూపించారు. అక్కడ జరిగిందే ఇక్కడ ఈ 4 అంగుళాల పైపులో జరిగింది. కొలత చిన్నది, అంతే.

వేడినీళ్ళు పోస్తే కరిగిపోతుంది కదా అన్నా, అని నన్ను ప్రతి ఇంట్లో అడుగుతారు. కరుగుతుంది. మీ సింకు కింద కరుగుతుంది. కరిగినది పది పదిహేను అడుగులు పోయాక చల్లబడుతుంది కదా? అక్కడ మళ్ళీ గడ్డకడుతుంది. అంటే మీ ఇంటి గడ్డను పెద్దమ్మ ఇంటి దగ్గరికి పంపినట్టు. పైగా మన పైపులు పీవీసీవి. సలసల మరిగే నీళ్ళు, మరిగే గంజి తీసుకొచ్చి కుమ్మరిస్తే పైపు మెత్తబడుతుంది, రోజూ అదే పని చేస్తే అతుకులు వదులవుతాయి. గంజి వార్చేవాళ్ళు ఇంకా ఉన్నారా ఇక్కడ? ఆ, ఉన్నారు, మంచిది. ఆ గంజిని చల్లార్చి మొక్కలకు పోయండి, బట్టలకు పెట్టుకోండి, తాగండి. సింకులో మాత్రం పోయొద్దు. గంజి చల్లారితే జిగురు అవుతుంది.

మరి నూనె ఏం చేయాలి? మురుకులు కాల్చాక బాణలిలో మిగిలిన నూనె చల్లారనివ్వండి. ఒక పాత సీసాలో పోసి మూతపెట్టి చెత్తబండికి ఇవ్వండి. అడుగున అంటుకున్న దాన్ని పాత న్యూస్‌పేపరు ముక్కతో తుడవండి. తుడిచాకే కడగండి. ఇంతే. కూర గిన్నెలకు కూడా ఇదే. ఇంట్లో పనమ్మాయి కడుగుతుంటే ఆమెకు చెప్పండి, చెప్పి వదిలేయకుండా ఆ పేపరు ముక్కలు సింకు పక్కన పెట్టండి. చేతికి అందితేనే వాడతారు. నేను ఎన్నో ఇళ్ళు చూశాను. పేపరు పక్కన ఉన్న ఇంటికి నేను మళ్ళీ పోయింది తక్కువ.

మెతుకుల గురించి ఒక మాట. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్ళకు సంగటి లేకపోతే భోజనం కాదు. సంగటి చేసిన గిన్నెకు అడుగంటింది చూడండి, దాన్ని నానబెట్టి, గీరి, నీళ్ళతో పాటు సింకులో ఒంపేస్తారు. అది జాలీలోంచి కూడా జారిపోతుంది, మెత్తని ముద్ద కదా. పైపులో పోయి కూర్చుంటుంది. నానిన తర్వాత గీరినదాన్ని చేత్తో తీసి చెత్తలో వేయండి. చింతపండు పిప్పి, టీ పొడి, కొబ్బరి పీచు, గిన్నెలు తోమే స్టీలు పీచు తునకలు, ఇవి ఒక్కటి కూడా లోపలికి పోకూడదు. స్టీలు పీచు తునక ఒకటి చాలు, ముల్లులా అడ్డం పడి వచ్చినదాన్నంతా పట్టుకుంటుంది. సింకులో సన్న రంధ్రాల గిన్నె జాలీ ఒకటి పెట్టుకోండి. చిన్న ఖర్చే. గిన్నెలు తోమిన ప్రతిసారీ దాన్ని చెత్తబుట్టలో దులపండి. నీళ్ళు దిగడం లేదని విసిగి ఆ జాలీ తీసి పక్కన పెట్టి కడిగే వాళ్ళున్నారు. దయచేసి అట్లా చేయొద్దు. జాలీ నిండిందంటే తన పని తాను చేస్తోందని అర్థం.

ఇప్పుడు బాత్‌రూంకి వద్దాం. ఇక్కడ నూనె కంటే పెద్ద సమస్య వెంట్రుకలు.

మనం తిరుపతిలో ఉన్నాం. వెంట్రుకల గురించి మనకు వేరే ఊరివాళ్ళు చెప్పాల్సిన పని లేదు. కొండ మీద కల్యాణకట్టలో రోజుకు వేలమంది తలనీలాలు ఇస్తారు. ఆ తలనీలాలను పోగుచేసి, విడిగా భద్రపరిచి, వేలం వేస్తారు. నీళ్ళతో పాటు కాలవలోకి వదిలేస్తే ఆ కాలవల గతి ఏమిటి? వెంట్రుక కుళ్ళదు, కరగదు. కొన్నేళ్ళ కిందట పైపులో పడిన వెంట్రుకలు కూడా తీసినప్పుడు ఎట్లా పడినాయో అట్లాగే ఉంటాయి, నేను చేత్తో తీశాను. తలంటుకున్న రోజు ఆడవాళ్ళున్న ఇంట్లో ఎంత రాలుతుందో మీకు తెలుసు. దానికి కుంకుడుకాయ పిప్పి, సీకాయ పొడి, నలుగు పిండి కలిస్తే తాడు పేనినట్టు అవుతుంది. కుంకుడుకాయ రసం గుడ్డలో వడగట్టి వాడండి. దువ్వినప్పుడు వచ్చిన చిక్కు చెత్తబుట్టలో వేయండి. స్నానం అయ్యాక తూము మీద కనబడే వెంట్రుకలను ఆ క్షణమే తీసేయండి, తడిగా ఉన్నప్పుడు ఒక్క పట్టుకు వస్తాయి.

మీ బాత్‌రూం నేలలో ఉన్న తూముకు మేం నహానీ ట్రాప్ అంటాం. పై జాలీ తీస్తే లోపల చిన్న గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. ఎంతమంది దాన్ని తీసి చూశారు? చేతులెత్తండి. ఇద్దరు. సరే. ఇవాళ ఇంటికి పోగానే అందరూ తీయండి. ఆ గిన్నె తిప్పితే వచ్చేస్తుంది. కింద ఎప్పుడూ సుమారు 2 అంగుళాల నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ నీళ్ళు నిలవాలి. మురుగు నిలిచిందని పొరపడి కొందరు ఆ గిన్నెను తీసి పారేస్తారు, నీళ్ళు సర్రున పోతున్నాయని సంతోషిస్తారు. నాలుగు రోజులకు బొద్దింకలు, వాసన మొదలు. ఎందుకంటే మురుగు పైపులోంచి వచ్చే గాలికి, మన ఇంటికి మధ్య తలుపు ఆ 2 అంగుళాల నీళ్ళే. పైపును వంపు తిప్పి అందులో నీళ్ళు నిలబెట్టడం అనే ఉపాయానికి అలెగ్జాండర్ కమింగ్ అనే ఆయన 1775లో లండన్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన గడియారాలు చేసే మనిషి. 250 ఏళ్ళయినా ఇప్పటికీ మీ వాష్‌బేసిన్ కింద, కమోడు లోపల పనిచేస్తున్నది ఆ ఉపాయమే.

ఇది మన ఊరికి ఇంకా ముఖ్యం. ఎందుకంటారా? ప్రతి ఇంట్లో చుట్టాల కోసం ఒక గది, ఒక బాత్‌రూం పెట్టుకుంటాం. దర్శనానికి వచ్చినప్పుడు పదిమంది దిగుతారు, పోయాక ఆ బాత్‌రూం నెలల తరబడి మూసి ఉంటుంది. ఎండాకాలంలో ట్రాపులో నీళ్ళు ఆవిరైపోతాయి. తలుపు తెరవగానే గుప్పున కంపు. పైపు పగిలిందని నన్ను పిలుస్తారు. పైపు పగల్లేదు, ట్రాపు ఎండింది. వారానికోసారి ఆ తూములో ఒక చెంబు నీళ్ళు పోయండి, దానికి నన్ను పిలవక్కర్లేదు.

కమోడు విషయం సూటిగా చెబుతాను, అక్కావాళ్ళు ఏమనుకోకండి. శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, తడి వైప్స్ కమోడులో వేయకూడదు. ప్యాడులో ఉండే పదార్థం నీళ్ళు పీల్చి ఉబ్బడానికే తయారు చేసింది. పైపులో పడితే అక్కడా అదే పని చేస్తుంది. పేపరులో చుట్టి, విడిగా చెత్తబండికి ఇవ్వాలి. ఇంట్లో ఆడపిల్లలకు ఈ మాట చెప్పడానికి సిగ్గుపడి చెప్పరు. బాత్‌రూంలో మూతున్న చిన్న డబ్బా, పక్కన పాత పేపర్లు లేకపోతే ఆ పిల్ల ఎక్కడ వేస్తుంది చెప్పండి? తప్పు ఆ పిల్లది కాదు. డబ్బా పెట్టండి.

ఇప్పుడు చెప్పేది నా చేతి విషయం. ఈ కుడి ముంజేతి మీద మచ్చ ముందు వరసకు కనబడుతుంది. నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక ఇంటికి పోయాను. సింకు దిగడం లేదన్నారు. కింద ట్రాపు విప్పాను. అందులో నిలిచిన నీళ్ళు చేతి మీద పడినాయి. మొదట జారుడుగా, సబ్బు నీళ్ళలా అనిపించింది. తర్వాత మంట. ఆ ఇంటివాళ్ళు ముందు రాత్రి తూములు శుభ్రం చేసే పొడి రెండు ప్యాకెట్లు పోశారు. నాకు చెప్పలేదు. చెప్పాలని వాళ్ళకు తోచలేదు, అంతే. ఆ పొడిలో ఉండేది కాస్టిక్ సోడా. నీళ్ళు తగిలితే వేడెక్కుతుంది, చర్మాన్ని తింటుంది. కంట్లో పడి ఉంటే నేను ఇవాళ ఇక్కడ ఇట్లా నిలబడి మీ మొహాలు చూసేవాణ్ణి కాదు.

ఆ పొడి అసలు వాడొద్దా? చిన్నగా నెమ్మదించిన తూములో, ప్యాకెట్టు మీద రాసినంత, చేతికి తొడుగు వేసుకుని, ఎప్పుడో ఒకసారి వాడితే వాడండి. పూర్తిగా మూసుకుపోయి నీళ్ళు నిలిచిన తూములో పోయొద్దు. అది కిందికి పోలేక అక్కడే నిలిచి కాగుతుంది. నన్నే కాదు, ఏ ప్లంబరునైనా పిలిచినప్పుడు లోపల పొడి పోశామా, యాసిడ్ పోశామా, మొదటి మాటగా చెప్పండి. కాఫీ తర్వాత ఇవ్వొచ్చు.

ఇంకొకటి. దీన్ని ఇంటికి పోయి ఇంట్లో అందరికీ చెప్పండి. బాత్‌రూం యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ కలపకూడదు. ఒకటి పోసి ఫలితం లేదని రెండోది పోస్తారు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. తలుపు మూసిన చిన్న బాత్‌రూంలో కొంచెం చాలు, ఊపిరి ఆడదు. వంటసోడా, వెనిగర్ పోయమని ఫోన్లలో వీడియోలు వస్తుంటాయి. వాటితో ప్రమాదం లేదు, నురగ బాగా వస్తుంది, కానీ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. చేతిలో ఉన్న ఆ పైపు ముక్కలో గడ్డను ఆ నురగ కదిలించలేదు.

అడ్డుపడ్డాక ఏం చేయాలంటే, ముందు చూడాల్సింది ఒక్క తూమా, అన్నీనా అని. ఒక్క వాష్‌బేసినే దిగడం లేదంటే అడ్డు దాని కిందే ఉంది. కింద బకెట్టు పెట్టి, చేతికి తొడుగు వేసుకుని, బేసిన్ కింద సీసాలా ఉండే బాటిల్ ట్రాపు అడుగు మూత చేత్తో తిప్పితే వచ్చేస్తుంది. కడిగి బిగించడం పది నిమిషాల పని, వాషరు మాత్రం పోగొట్టుకోకండి. సింకు అయితే రబ్బరు పంపు. అది కూడా చాలామంది తప్పుగా వాడతారు. రబ్బరు మునిగేంత నీళ్ళు ఉండాలి. బేసిన్‌కు పైన ఇంకో చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని తడిగుడ్డతో మూయాలి, లేకపోతే ఒత్తిడి అందులోంచి పోతుంది. నొక్కడం కంటే లాగడం గట్టిగా ఉండాలి. ఇరవై సార్లయినా చేయండి. అన్ని తూములూ ఒకేసారి నెమ్మదించినా, కమోడులో నీళ్ళు వదిలితే నేల తూములో గుడగుడమన్నా, అడ్డు బయట లైనులో ఉంది. అప్పుడు లోపల ఎంత గుచ్చినా లాభం లేదు. నీళ్ళు వాడకం ఆపి, ముందు కింది ఇంటివాళ్ళకు చెప్పండి.

కొత్తగా టైల్స్ వేయించుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మేస్త్రీ సాయంత్రం తాపీ, గమేళా మీ బాత్‌రూంలోనే కడుగుతాడు. సిమెంటు పాలు పైపులో దిగి నిజంగానే రాయి అవుతుంది. దాన్ని ఏ మందూ కరిగించదు, పైపు పగలగొట్టాలి. పని జరిగే రోజులు తూములకు గుడ్డ కుక్కి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి ఉంచండి. పైపు కొత్తగా వేయిస్తే వాటం, అంటే ఏటవాలు ఎంత ఇస్తున్నారో అడగండి, 4 అంగుళాల పైపుకు 40 అడుగులకు 1 అడుగు దిగాలి.

ఇక చాంబరు. ఇక్కడ నాకు కొంచెం కష్టంగా ఉంటుంది మాట్లాడటం.

మన అపార్టుమెంటులో మేడ మీద వాన నీళ్ళ పైపు ఒకటి తీసుకొచ్చి మురుగు చాంబరులో కలిపి ఉంది. ఎవరు కలిపారో నాకు తెలియదు, ఇప్పుడు అది ముఖ్యం కాదు. 2021 నవంబరులో మన ఊళ్ళో వాన ఎట్లా కురిసిందో మీరు మర్చిపోయి ఉండరు. వీధులు ఏరులయినాయి. మనకు పెద్ద వానలు ఇప్పుడే, ఈ రెండు నెలల్లోనే. మేడ మీద పడిన వానంతా చాంబరులోకి దిగితే ఆ చాంబరు పట్టదు, మురుగు వెనక్కి తంతుంది. ఎవరింట్లోకి? మళ్ళీ పెద్దమ్మ ఇంట్లోకే. ఆ పైపును విడదీసి బయట వాన కాలవకు తిప్పాలి. ఒక రోజు పని.

చాంబరు నిండితే ఏం చేస్తారు? ఎవరో ఒక మనిషిని పిలిచి దిగమంటారు. గత ఏడాది ఒక చోట నన్ను కూడా అడిగారు, ఎవరినైనా దించు, డబ్బులు ఎంతైనా ఇస్తాం అని. నేను దించను. 2013లో పార్లమెంటు చట్టం చేసింది, మురుగు కాలవల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడం నేరం. లోపల చనిపోయిన వారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు పెంచాల్సి వచ్చింది? ఇంకా చనిపోతున్నారు కాబట్టి. లోపల కుళ్ళిన గుడ్ల వాసన వచ్చే వాయువు ఉంటుంది. కొంచెం ఉంటే వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది, పరవాలేదు అనుకుని దిగుతాడు. పడిపోతాడు. అతన్ని పట్టుకుందామని ఇంకొకడు దిగుతాడు.

యంత్రం ఉంది. కార్పొరేషన్‌కు ఫోన్ చేస్తే బండి వస్తుంది, ఒక రోజు ఆలస్యం అవుతుందేమో, ఆగండి. ఆ ఒక్క రోజు ఆగలేక మనిషిని దించొద్దు. అసలు బండి కూడా అక్కర్లేకుండా చేయొచ్చు కదా? ఆ బాణలి తుడిచే పేపరు ముక్క అందుకే అడుగుతున్నాను నేను. పై అంతస్తులో ఒక అక్క గిన్నె తుడిచి కడిగితే, కింద ఎవడో ఒకడు చేయి పెట్టాల్సిన పని తగ్గుతుంది. చాలాసార్లు ఆ చేయి నాది, నా వెంట వచ్చే కుర్రాళ్ళది.

సరే, ఆ పైపు ముక్క ఎక్కడిదాకా వచ్చింది? వెనకదాకా వెళ్ళిందా? అందరూ చూశారా? ఇటివ్వండి. మీకు అడగాల్సినవి ఉంటే కిందికి పోయి మాట్లాడుకుందాం. చాంబరు మూత నేను తెరుస్తాను, వాన పైపు ఎక్కడ కలిసిందో చూపిస్తాను, దాన్ని ఎటు తిప్పాలో అక్కడే అనుకుందాం. మూత తీసిన వెంటనే ఎవరూ వంగి చూడొద్దు, కాసేపు గాలి పోనివ్వాలి. పిల్లల్ని పక్కన పట్టుకోండి. పెద్దమ్మా, మీరు మెట్లు మెల్లగా దిగండి, మీరు వచ్చేదాకా నేను తెరవను.